కన్నడంలో సాకు, తెలుగులో సాకు

ఈ పుట్టుక పుట్టినాక నేను నోరు తెరిచి ఎవర్నీ ఏదీ అడిగిన పాపాన పోలేదు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్న మాట. అన్నం అడగలేదు, చేబదులు అడగలేదు, బస్సులో ‘కొంచెం జరగప్పా’ అని కూడా అడగలేదు. మడకశిర నించి బెంగళూరు దాకా కొంగలాగా ఒంటికాలి మీద నిలబడి వచ్చినవాణ్ణి, కాలు మార్చుకుందామంటే పక్కాయన్ని అడగాల్సి వస్తుందేమోనని మార్చుకోలేదు. అట్లాంటి నేను ఈ ఆదివారం పొద్దున మారతహళ్ళిలో, కూతురింట్లో, హాల్లో సోఫా మూలకి ఒదిగి, ముఖానికి పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. పేపరు తలకిందులుగా పట్టుకున్నానేమోనని ఒకసారి చూసుకున్నా, లేదులే, సరిగ్గానే ఉండాది, కానీ చదివిన వాక్యమే చదువుతున్నా, ఎవరో ఎక్కడో బోరు వేస్తే వేడినీళ్ళు పడినాయంట, పడనీ. ఎదురుగా గోడమీద టీవీ. అందులో సినిమా లేదు, వార్తలు లేవు, విమానం టికెట్లున్నాయి. అల్లుడు ఓంకార్ ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని దాన్ని టీవీకి తగిలించినాడు, అందరికీ కనపడాలని. ఇంటిల్లిపాదీ దసరాకి వియత్నాం పోతున్నారు. ఇంటిల్లిపాదీ అంటే అల్లుడు, కూతురు కిరణ్మయి, మనవడు చైతు, మనవరాలు చిన్ని, నా పెళ్ళాం సత్యభామ. ఇంకెవరున్నారు ఈ ఇంట్లో? ఫ్రిజ్జుండాది, వాషింగ్ మెషీనుండాది, నేనుండాను. మేం ముగ్గురం పోవడం లేదు.

టికెట్టు తీయడమంటే నాకు తెలిసిన పద్ధతి ఒకటే. మెజెస్టిక్ బస్టాండుకి పోవాల, బోర్డు చూడాల, ఎక్కాల, కండక్టరు వస్తే ఊరి పేరు చెప్పాల. పిల్లోళ్ళుంటే ఒళ్ళో కూచోబెట్టుకుని ‘ఇంకా అయిదు నిండలేదు సామీ’ అనాల, వానికి మీసాలు మొలిచినా సరే. ఇక్కడ అట్లా కుదరదంట. చైతుకి పన్నెండు దాటినాయి కాబట్టి విమానం లెక్కలో వాడు పెద్దమనిషి. విప్పిన సాక్సు ఎక్కడ పారేసినాడో తెలియని పెద్దమనిషి. వాని బడికి దసరా సెలవులు ఒక వారం, చిన్ని బడికి ఇంకో వారం. రెండు బళ్ళూ ఒకే రోడ్డులో ఉండాయి, దసరా ఒకటే, చాముండమ్మ ఒకటే, సెలవులు మాత్రం వేరే. ఎందుకమ్మా అంటే, ‘బోర్డులు వేరు నాయనా’ అంటుంది కిరణ్మయి, బోర్డంటే గేటు మీద రాసి ఉండేది కాదంట. ఆ రెండు వారాలూ ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట నాలుగు రోజులు దొరుకుతాయి కదా, సరిగ్గా ఆ రోజుల్లోనే ఎలక్ట్రానిక్ సిటీలో అల్లుడి ఆఫీసులో రిలీజంట. ఏం సినిమా అప్పా అని అడిగినా మొదట్లో. సినిమా కాదంట. శుక్రవారం పోదామంటే ‘ఫ్రైడే నాకు సైన్స్ టెస్టు’ అని వాడు, శనివారమంటే ‘నా డ్యాన్స్ ప్రోగ్రామ్’ అని ఇది, సోమవారమంటే ‘సోమవారం నేను మాంసం ముట్టను’ అని సత్యభామ. ‘అత్తయ్యా, ఏ వారమైనా మీకు వెజ్ మీలే పెడతారు.’ ‘పెట్టేదేమో వెజ్జే, అక్కడ అన్నిట్లోనూ చేపల నీళ్ళు పోస్తారంట కదా?’ ‘అది సాసు అవ్వా!’ ‘సాసో మోసో, నేను చింతకాయ తొక్కు తీసుకుని వస్తా.’ ‘సీసా పగిలితే పెట్టంతా తొక్కే.’ ‘పగలదు, మీ తాత పంచెల్లో చుడతా, ఆయనకి ఆ నాలుగు రోజులు పంచెలతో ఏం పని?’ వింటున్నారా? నేను పోకపోయినా నా పంచెలు పోతున్నాయి. ఏం ఇల్లప్పా ఇది. ఆ వీసా ఫోటోల దినం ఇంతకంటే ఘోరం. వెనక తెల్లగోడ ఉండాలంట. చిన్ని ఏనుగు బొమ్మ గీయని గోడంటూ ఉంటే కదా. అందుకని నాకొక ఉద్యోగం ఇచ్చినారు, తెల్ల దుప్పటి రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడేది. నవ్వొద్దంటే చిన్ని నవ్వుతుంది, కళ్ళజోడు తీయమంటే సత్యభామకి కెమెరా ఎటుండాదో తెలీదు, చైతు జుట్టు చెవుల మీదికి వస్తాది, మళ్ళీ తీయి, మళ్ళీ తీయి, నా భుజాలు పడిపోయినాయి. అందరి ఫోటోల్లో వెనక దుప్పటి ఉండాది, దుప్పటి వెనక నేనుండాను. ఆ దేశపు ఆఫీసరు కాస్త కళ్ళు చిట్లించి చూస్తే కనపడతాను.

అడగలేదా అంటే, అడిగినాడు. అదే కదా నా మంట. పోయిన ఆదివారం, అన్నాల దగ్గర, ఓంకార్ నా వైపు పూర్తిగా తిరిగి కూర్చుని, ఫోను బోర్లించి పెట్టి, ఎంతో మర్యాదగా, ‘మామయ్యా, దసరాకి వియత్నాం అనుకుంటున్నాం. మీరు కూడా వస్తారా?’ అన్నాడు. గుండె ఎగిరి గొంతులోకొచ్చింది. పాస్‌పోర్టు కూడా ఉండాది కదా, నిరుడు నాకూ సత్యభామకూ ఎందుకైనా మంచిదని కూతురు తీయించింది, బీరువాలో చీరల కింద కొత్త వాసన పోకుండా ఉండాది. గుండె అట్లా గంతులేస్తుంటే నోరు మాత్రం దాని దారిన అది పోయింది. ‘అయ్యో, నాకెందుకప్పా ఈ వయసులో, తిరిగింది సాకు’ అన్నాను. ‘సరే మామయ్యా’ అన్నాడు. అని పప్పు కలుపుకున్నాడు. అంతే! సరే మామయ్యా! నేను ముద్ద చేతిలో పట్టుకుని, ఇప్పుడు అడుగుతాడు, మజ్జిగకొచ్చినాక అడుగుతాడు, చెయ్యి కడిగినాక అడుగుతాడు అని చూస్తానే ఉండా. చెయ్యి ఎండిపోయింది. సోమవారం ఫోన్లో ఇంటివాళ్ళ గ్రూపులో ఏదో పెట్టినాడు, వచ్చేవాళ్ళు దీని మీద నొక్కండి, రానివాళ్ళు దాని మీద నొక్కండి అని. నేను దేని మీదా నొక్కలేదు, నొక్కకపోతే ‘ఏం తాతా’ అని అడుగుతుందేమో అనుకున్నా. ఆ ఫోనుకీ మర్యాద తెలీదు.

సాకు. ఈ మాట నా కొంప ముంచింది. మా వైపు ‘చాలు’ అనేవాళ్ళం, బెంగళూరొచ్చి ఇన్నేళ్ళయ్యేసరికి చాలు పోయి కన్నడం సాకు నోట్లో కూర్చుండాది. కాఫీ సాకు, గలాటా సాకు, వాన సాకు. ఓంకార్‌ది కరీంనగర్ పక్క పల్లె. పెళ్ళిచూపులకొచ్చిన నాడు సత్యభామ నాకు ఉప్మా వడ్డిస్తుంటే ‘సాకు సాకు’ అన్నానంట, ఈ పిల్లగాడు వాళ్ళమ్మ చెవిలో, ‘ఆయన ఏం సాకు చెప్తున్నడమ్మా?’ అని అడిగినాడంట. తెలుగు పుట్టినకాడ్నించీ సాకంటే వంక కదా, ఉత్తుత్తి నెపం కదా. అప్పటికి అతనికి కన్నడం ముక్క రాదు. తర్వాత కూరగాయలామెతో, ఆటోలవాళ్ళతో, కింద సెక్యూరిటీ వెంకటగిరియప్పతో మాట్లాడి మాట్లాడి నేర్చుకున్నాడు. ‘భేష్ అప్పా, మావాడివైపోయినావు’ అని వీపు తట్టింది కూడా నేనే. చూడండి నా ఖర్మ. అతనికి కన్నడం రాకుండా ఉండి ఉంటే, నేను ‘తిరిగింది సాకు’ అన్నప్పుడు తెలుగులో విని, ‘ఓహో, ముసలాయన సాకు చెప్తున్నాడు, లోపల ఆశుండాది, ఇంకోసారి అడగాల’ అనుకునేవాడు. తెలుగులో విని ఉంటే నా మనసు ఉన్నదున్నట్టు అర్థమయ్యేది. కన్నడంలో విన్నాడు. తిరిగింది చాలంట ముసలాయనకి, అనుకున్నాడు. ఎక్కడ తిరిగినా నేను? శివాజీనగర్ తిరిగినా. 

మా వైపు ఒకసారి అడిగితే అది అడగడం కిందికే రాదప్పా. వద్దనాల. మళ్ళీ అడగాల. మళ్ళీ వద్దనాల. మూడోసారి చెయ్యి పట్టి లాగాల, అప్పుడు ‘ఏమో, నీ బలవంతం మీద’ అని ముఖం ముడుచుకుని, లోపల పొంగిపోతూ లేవాల. మా తాత ఒకసారి హిందూపురం సంతకి నడిచి పోతుండాడు. వెనక నించి తెలిసినాయన ఎద్దులబండి వచ్చింది. ‘ఎక్కు మామా’ అన్నాడు బండాయన. ‘వద్దులేప్పా, దగ్గరే కదా’ అన్నాడు తాత. బండాయన మర్యాదస్తుడు, వెంటవెంటనే అడిగితే ఏం బాగుంటుందని, ఎద్దుల్ని నెమ్మదిగా నడిపిస్తూ తాత పక్కనే వచ్చినాడు, వానల సంగతి, వేరుశనగ బుడ్డల రేటు సంగతి, కూతుళ్ళ కాన్పుల సంగతి మాట్లాడుకున్నారు, ఏరు దాటినాక రెండోసారి అడిగినాడు. తాత వద్దన్నాడు. మూడోసారి అడిగేసరికి సంత ముందరే ఉండాది. తాత ఎక్కినాడు, కూర్చున్నాడు, పైపంచె సర్దుకున్నాడు, దిగినాడు. ‘సుఖమైన బండి’ అని చచ్చేదాకా చెప్పుకున్నాడు. మా నాయన ఇంకా ఘనుడు. పెనుగొండలో ఒక పెళ్ళిలో ఓళిగలు, అదే బొబ్బట్లు, వడ్డిస్తుంటే చాలు చాలని ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టినాడు. వాళ్ళు చెయ్యి మీదే వేసినారు, నెయ్యి పోసినారు, మళ్ళీ వేసినారు. సాయంత్రానికి గానీ చెయ్యి దొరకలేదు. అట్లాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి ఒక్కసారి అడిగి వదిలేస్తే నేనేం కావాల?

పోనీ అల్లుణ్ణి తిట్టుకుందామా అంటే నోరు రాదు. అతను ఆరో క్లాసు నించీ హాస్టల్లో పెరిగినాడు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి చెప్పినాడు నాకు, మెస్సులో పెద్ద గరిటె పట్టుకుని ఒకాయన వరస వెంబడి వస్తాడంట, కంచం మీద చెయ్యి పెడితే గరిటె ముందుకు పోతుందంట, మళ్ళీ వెనక్కి రాదంట. ఇంటి దగ్గర అమ్మ బతిమాలి పెట్టే అలవాటు మీద అక్కడా మొహమాటపడి, కొత్తలో ఖాళీ కడుపుతోనే పడుకున్నాడంట. అప్పట్నించీ అతనికి కావాలంటే కావాలి, వద్దంటే వద్దు. పెళ్ళినాడు మా ఆడోళ్ళు ఓళిగలు వడ్డిస్తే వద్దన్నాడు పాపం, నిజంగానే వద్దు, కడుపు బాగాలేదు. కొత్తపెళ్ళికొడుకు సిగ్గుపడుతున్నాడని సత్యభామ, వాళ్ళ అక్కయ్యలు పోటీలు పడి వేసినారు. ఆల్బమ్‌లో ఒక్క ఫోటోలోనూ అతను నవ్వుతూ ఉండడు, చూసినవాళ్ళు పిల్ల నచ్చలేదేమో అనుకుంటారు. ఆ దినమే ఒట్టు పెట్టుకున్నాడు కాబోలు, ఎవరైనా వద్దంటే రెండోసారి అడిగి వాళ్ళ ప్రాణం తీయడు. అది అతని మర్యాద. నాదేమో మూడుసార్ల మర్యాద. ఈ రెండు మర్యాదల నడుమ నా వియత్నాం పోయింది. అతను గట్టిగా మాట్లాడినా బాగుండు, మొండివాడైనా బాగుండు, రాత్రిళ్ళు నా కాళ్ళకి నూనె సీసా తెచ్చి పక్కన పెట్టే మనిషిని ఏమని తిట్టుకునేది? కోపం తెచ్చుకోవడానికి కూడా వీలు లేకుండా చేసినాడు, అదింకో కోపం.

ఇంక నాకు జరుగుతున్న ఏర్పాట్లు చూస్తే ఊర్లో ఆంబోతుకి కూడా ఇంత చేయరు. ‘నాయనా, దోసెపిండి డబ్బాల్లో పోసి పెడతా, ముందు ఎర్రమూతది వాడు, తర్వాత నీలంమూతది.’ ‘వంటకి అక్కయమ్మ వస్తుంది, సంగటి చేయమని చెప్పినా, గ్యాసు మాత్రం నువ్వు తాకొద్దు.’ ‘కింద ఫ్లాట్ మహబూబ్ బాషా గారు దినానికొకసారి వచ్చి చూసిపోతామన్నారు.’ చూసిపోయేదానికి నేనేమన్నా బాల్కనీలో మల్లెచెట్టునా? ఆ బాషా సంగతి నాకు తెలీదా, చూసిపోతానని వచ్చి కూర్చుంటాడు, ఆయన మస్కట్‌లో పని చేసినప్పటి ముచ్చట్లు ఎత్తుకుంటాడు, అక్కడి మేకల్ని ఒంటెలంత చేసి చెప్తాడు. అబద్ధాలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. నిన్న వంటింట్లోకి పోయి, సత్యభామ కరివేపాకు దూస్తుంటే, నెమ్మదిగా, మాత్రల మీదనించి మొదలుపెట్టినా. ‘నువ్వు పోతే నాకు పొద్దున మాత్ర ఎవరిస్తారే?’ ‘డబ్బాలో ఉండాయి. నోరు తెరిస్తే లోపలికి పోతాయి.’ ‘అది కాదే.’ ‘ఇంకేంది?’ ‘నువ్వు ఆ పిల్లోనితో ఒక మాట...’ సత్యభామ కరివేపాకు పక్కన పెట్టి నా వైపు చూసింది. ఆమెకి అంతా తెలుసు, మొదట్నించీ తెలుసు, ఈ వారమంతా కళ్ళజోడు పైనించి నన్ను చూసి నవ్వుకుంటుండాది. అడగకముందే ‘నేనొస్తా’ అన్న మనిషి. ‘నేను చెప్పను. పెళ్ళైనకాడ్నించీ ఒక్కొక్క గరిటెకీ మూడుసార్లు అడిగినా నిన్ను. నువ్వు ఊ అనేలోపల చారు చల్లారిపోయేది, మళ్ళీ చల్లగా ఉండాదని తిట్టేది నన్నే. నాకు సాకు స్వామీ. కావాలంటే నువ్వే అడుక్కో.’ అడుక్కో! ఆ మాట ఎంత తేలిగ్గా అనేసింది చూడండి.

వియత్నాం మీద నాకేం మోజు లేదు, అది కూడా చెప్పాల. మా పల్లె బళ్ళో గ్లోబు ఉండేది కాదు. మా అయ్యవారు పెద్ద గుమ్మడికాయ తెచ్చి, సున్నంతో దేశాలు గీసి, బల్ల మీద పెట్టి పాఠం చెప్పేవారు. వియత్నాం ఉండే వైపు బల్లకి ఆనుకుని ఉండేది, తిప్పితే కాయ దొర్లి పోతుందని ఆ వైపు ఎప్పుడూ చూపించలేదు, అందువల్ల మా క్లాసు వాళ్ళకి ఆ దేశాలు తెలీవు. నగర్తపేటలో బట్టలమండీలో గోనెమూటలు కుట్టేటప్పుడు మూటల మీద నల్లరంగుతో ఊళ్ళపేర్లు రాసేది నేనే, కొలంబో అని రాసినా, పెనాంగ్ అని రాసినా, మూటలు పోయినాయి, కుంచె నా చేతిలో మిగిలింది, దానికి నేనెప్పుడూ ఏడవలేదు. చూడాలని కాదు. చిన్నికి ఎనిమిదేళ్ళు. నేనేం చెప్పినా నమ్మే వయసు. గుమ్మడికాయ కథ చెప్తే, ‘మరి గుమ్మడికాయ వండుకుంటే వియత్నాం ఎవరు తిన్నారు తాతా?’ అని అడిగిన పిల్ల. చైతు కూడా అట్లాగే ఉండేవాడు. మా నాయన చెయ్యి ఓళిగల కింద పూడిపోయిన సంగతి చెప్తే, ‘ఏ చెయ్యి తాతా, తినే చెయ్యా?’ అని కళ్ళు పెద్దవి చేసేవాడు. నిరుడు అదే కథ చెప్తే ఫోన్లోంచి తల ఎత్తకుండా, ‘సైంటిఫికల్లీ నాట్ పాసిబుల్ తాతా’ అన్నాడు. అయిపోయింది. ఒక మనవడు చేయి జారిపోయినాడు. వచ్చే ఏడాది పదో క్లాసు, ఆపైన కోచింగు, ఇంక ఇంటివాళ్ళతో కలిసి వాడు తిరిగే సెలవులు ఇవే. చిన్ని ఎన్నాళ్ళు? ఇంకో ఏడాది, గట్టిగా అనుకుంటే రెండు. ఆ పిల్ల ఇంతవరకూ విమానం ఎక్కలేదు, కరీంనగర్‌కైనా మా ఊరికైనా కారులోనే తీసుకుపోతారు. మొదటిసారి మబ్బుల్ని పైనించి చూస్తుంది. చూసి ‘అవేంటి’ అని అడుగుతుంది కదా. సత్యభామని అడిగితే ‘మబ్బులు’ అంటుంది. ఓంకార్ ‘నీటి ఆవిరి బేటా’ అంటాడు. కిరణ్మయి ‘బెల్టు పెట్టుకో’ అంటుంది. ఆ విమానం మొత్తంలో ఆ పిల్లకి ఒక్క అబద్ధం చెప్పే నాథుడు ఉండడు. తిరిగొచ్చినాక చెప్పొచ్చులే అనుకోవడానికి లేదు, చూసేసినదాని మీద కథలు నిలవవు, చూసే నిమిషానికే చెవిలో పడాల.

ఇదంతా అనుకుంటుండగానే చిన్ని వచ్చి పేపరు పైనించి తొంగిచూసింది. ముందు రెండు పళ్ళు లేవు, గాలి పోతాది మాట్లాడితే. ‘తాతా, నువ్వెందుకు రావు?’ అని అడిగింది. దేవుడా, రెండోసారి! అల్లుడు అడగకపోతే ఏం, దేవుడు ఈ పిల్లతో అడిగించినాడు, ఇప్పుడు ఊ అంటే అయిపోతుంది. నా నోరుండాదే, దాన్ని కుట్టేయాల మూట కుట్టినట్టు, ‘నాకెందుకు తల్లీ, సాకులే’ అంది. ‘ఓకే’ అంది చిన్ని. అని ఎగురుకుంటూ పోయింది. హాస్టల్ నాయన బిడ్డ కదా. నేను పేపరు మడిచినా, విప్పినా, మళ్ళీ మడిచినా. ఎవర్నీ ఏదీ అడగలేదని మొదట్లో అన్నాను చూడండి, అది పచ్చి కోత. అడగనిదేముండాది నేను? ఆ బస్సులో ఒంటికాలి మీద నిలబడిందేం లేదు, కళ్ళు తిరుగుతున్నాయని చెప్పి ఒక పెద్దాయన్ని లేపి కూర్చుని, ఆయన సంచీలో జామకాయలు కూడా అడిగి తిన్నాను. సత్యభామని అడిగే తెచ్చుకున్నా, వాళ్ళ నాయన నిజంగానే వద్దన్నాడు, మొహమాటమనుకుని మళ్ళీ మళ్ళీ పోయినా. ఈ పేపరు కూడా బాషాదే, దినామూ అడిగి తెచ్చుకుంటా. అడగడానికి నాకేం సిగ్గు? వద్దని చెప్పినాక అడిగేదే సిగ్గు.

‘ఓకే, ఫైవ్ ప్యాసింజర్స్,’ అన్నాడు ఓంకార్. ‘డేట్స్ లాక్. అందరూ పేర్లు ఒకసారి చూసుకోండి, పేమెంట్‌కి పోతున్నా.’ టీవీ మీద అయిదు పేర్లు, ఒకదాని కింద ఒకటి. మూలన ఎర్రంకెలు తగ్గుతున్నాయి, అవి అయిపోతే మళ్ళీ మొదటికొస్తాదంట. కిరణ్మయి ‘చిన్ని పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే కొట్టినారా’ అంటుండాది. ఇంక మజ్జిగ లేదు, చెయ్యి కడగడం లేదు, బండి సంతలోకి పోతుండాది. కింద నీళ్ళ ట్యాంకరు పంపు మోత మొదలైంది, ఇదే అదను, వినపడకపోతే పరువు దక్కుతుంది అనుకుని, పేపరు వెనకనించి ‘నేనూ వస్తా’ అన్నా. వినపడలేదు. పరువు దక్కింది, వియత్నాం దక్కలేదు. గొంతు సవరించుకుని ఇంకోసారి అనేసరికి వంటింట్లో సత్యభామ మిక్సీ వేసింది, కావాలనే వేసింది, నాకు తెలుసు, గోడల్లోంచి కూడా వినపడతాది ఆమెకి. మిక్సీ ఆగింది. ట్యాంకరు ఆగింది. మారతహళ్ళిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. అడిగించుకోవాల్సినవాణ్ణి, మూడోసారి నేనే అడిగినా, అదీ పేపరు దించి, ముఖం చూపించి. ‘ఓంకారప్పా. నేనూ వస్తానప్పా.’ అందరూ నా వైపు తిరిగినారు. ఓంకార్ ల్యాప్‌టాప్ పక్కన పెట్టి లేచినాడు. వచ్చి నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, కళ్ళనిండా నీళ్ళతో, ‘మీరు లేకుండా మాకు వియత్నాం ఎందుకు మామయ్యా’ అన్నాడు.

ఇంతవరకూ నేను చెప్పిందంతా నిజం. తాత బండి నిజం, నాయన చెయ్యి నిజం, కావాలంటే మా ఊరికి పోయి ఎవర్నైనా అడగండి, వాళ్ళు కూడా నేను చెప్పగా విన్నవాళ్ళే. కల్పించిందల్లా ఆ ఒక్కటే, అల్లుడు లేచి చేతులు పట్టుకున్నది. అతను లేవలేదు. కళ్ళనీళ్ళు లేవు. స్క్రీన్ మీదనించి తల కూడా ఎత్తకుండా వెనక్కి ఒక నొక్కు నొక్కి, అయిదుని ఆరు చేసి, ‘మీకు సీటెక్కడ పెట్టమంటారు మామయ్యా?’ అన్నాడు, నేను మొదట్నించీ ఆ లెక్కలోనే ఉన్నట్టు. ‘ఎక్కడైనా పర్లేదప్పా’ అని నోటిదాకా వచ్చింది. మింగేసినా.

‘చిన్ని పక్కన’ అన్నాను.